మంచుకొండల యాత్రకు సామగ్రి ఎంపిక: స్కీయింగ్, బ్యాక్‌ప్యాకింగ్, ఛాయాగ్రహణం

స్కీ కేంద్రాల్లో లిఫ్టులుంటాయి, యంత్రాలతో చదును చేసిన వాలులుంటాయి, ప్రమాదం జరిగితే వెంటనే చేరుకునే గస్తీ సిబ్బంది ఉంటారు. ఆ హద్దు దాటి, సొంత కాళ్లతో కొండెక్కి, ఎవరూ తొక్కని మంచు మీద జారుతూ దిగడాన్ని బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అంటారు. ఐరోపాలో దీన్నే స్కీ టూరింగ్ అంటారు. తిండి, పడక, గుడారం వీపున వేసుకుని రోజుల తరబడి నడిచే యాత్ర బ్యాక్‌ప్యాకింగ్. మన దేశంలో ట్రెక్కింగ్ పేరుతో జరిగే యాత్రల్లో చాలావాటిలో సామాను మోయడానికి పోర్టర్లు, కంచరగాడిదలు ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడలేం. ఈ రెండిట్లో ఏది చేసేవారైనా చాలామంది కెమెరా వెంట తీసుకెళ్తారు.

దుకాణంలో ఈ మూడింటి సామగ్రీ వేర్వేరు అరల్లో ఉంటుంది. కొండ మీద మూడింటి బరువూ ఒకే వీపు మీద పడుతుంది. బరువైన లెన్సు తీసుకుంటే ఇంధనమో, వెచ్చని కోటో తగ్గించుకోవాలి. వెడల్పు స్కీలు ఎంచుకుంటే ఎక్కేటప్పుడు అలసిపోయి, కెమెరా బయటికి తీసే ఓపిక మిగలదు. అందుకే విడివిడిగా ఏది మంచిదని అడగడం కంటే, ఒక వస్తువు పక్కనున్న వస్తువును ఎలా మారుస్తుందో చూడటం మేలు. ఆ వస్తువు పనిచేయకపోతే ఏమవుతుందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. కెమెరా మొరాయిస్తే ఫొటో పోతుంది. మంచులో కూరుకుపోయినవారిని వెతికే ట్రాన్సీవర్ మొరాయిస్తే మనిషి పోతాడు. కొనుగోలులో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఈ తేడాను బట్టే తేలాలి.

బరువు తగ్గిన చరిత్ర

ఇటలీకి చెందిన విట్టోరియో సెల్లా 1880లలో 30×40 సెంటీమీటర్ల గాజు పలకలు పట్టే కెమెరాతో ఆల్ప్స్ శిఖరాలెక్కాడు. 1909లో అబ్రుజ్జి డ్యూక్ నాయకత్వంలో సాగిన కె2 యాత్రలో ఆయన తీసిన చిత్రాలు తర్వాతి తరాల పర్వతారోహకులకు దారి వెతుక్కునే ఆధారాలయ్యాయి. 1927 ఏప్రిల్‌లో ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో మంచు, రాళ్ల మీదుగా కొరోనా వ్యూ కెమెరా, ట్రైపాడ్, 12 గాజు పలకలు మోసుకుంటూ హాఫ్ డోమ్ ఎదుటి గట్టుకు చేరాడు. అప్పటికి మిగిలినవి రెండే పలకలు. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాడు. ఆకాశం తాను కోరినంత నల్లగా రాదని తోచి, ఆఖరి పలకను ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. 'మోనోలిత్' పేరుతో ప్రసిద్ధమైన చిత్రం ఆ ఆఖరి పలకదే. మోయగలిగినన్ని పలకలే ఉండటం ఆయన చూపును ఎంత పదునుపెట్టిందో ఆ ఒక్క రోజు చెబుతుంది.

దుస్తులు, పాదరక్షలు, సంచులు కూడా ఇలాంటి అవసరాల్లోంచే పుట్టాయి. 1922 ఎవరెస్టు యాత్రకు జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డలో ఈడర్ బాతు నూగు కూర్చి కోటు కుట్టించుకున్నాడు. ఇప్పటి డౌన్ జాకెట్లకు అది పూర్వరూపం. 1935లో ఇటలీలోని పుంటా రాసికా మీద సరైన బూట్లు లేక ఆరుగురు చనిపోయారు. ఆ బృందంలోని విటాలే బ్రామాని అప్పటినుంచి రబ్బరు అడుగు మీద పనిచేసి 1937లో గాడులున్న సోలు తెచ్చాడు. వైబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచే వచ్చింది. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేము సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. బరువును భుజాల నుంచి నడుముకు దించే పట్టీ ఆ సంచులతోనే విస్తరించింది. 1967లో గ్రెగ్ లో ఫ్రేమును సంచి లోపలికి మార్చాడు. ఒంటికి అతుక్కుని ఊగకుండా ఉండే ఈ లోపలి ఫ్రేము లేకపోతే బరువుతో స్కీయింగ్ చేయడం చాలా కష్టమయ్యేది. 1969లో బాబ్ గోర్ కనిపెట్టిన సాగదీసిన పీటీఎఫ్ఈ పొర 1976 నాటికి గోర్‌టెక్స్ దుస్తులుగా మార్కెట్లోకి వచ్చింది.

ఈ వరుసలో సామగ్రితో సంబంధం లేనట్టు కనిపించే పేరు ఎమ్మా గేట్‌వుడ్. 1955లో 67 ఏళ్ల వయసులో, తాను కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, మామూలు కాన్వాస్ బూట్లతో ఆమె 3,000 కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ ట్రెయిల్‌ను ఒంటరిగా నడిచింది. 1990లలో రే జార్డిన్ తేలిక యాత్రను పద్ధతిగా రాసి ప్రచారంలోకి తేవడానికి చాలా ముందే ఆమె దాన్ని చేసి చూపింది. అయితే ఆమె నడిచింది వేసవి నెలల్లో, అడవి దారిన. అదే సంచితో మంచుకొండ ఎక్కడం ప్రాణాంతకం. తేలిక యాత్రల గురించి చదివే వారు ఈ తేడా మరవకూడదు.

స్కీయింగ్, దూరయాత్ర, ఛాయాగ్రహణం మూడూ ఒకచోట కలిసిన యాత్రగా 1980 నాటి కారకోరం ప్రయాణాన్ని చెప్పాలి. నెడ్ జిలెట్, కిమ్ ష్మిట్జ్, డాన్ ఆసే, ఛాయాగ్రాహకుడు గేలెన్ రోవెల్ చలికాలపు మంచులో సియాచిన్, బల్తోరో, బియాఫో, హిస్పార్ హిమనదాల మీదుగా దాదాపు 460 కిలోమీటర్లు స్కీల మీద దాటారు. రోవెల్ పని తీరు గురించి కెమెరా భాగంలో మళ్లీ వస్తుంది.

పాదాల దగ్గర మొదలుపెట్టాలి

పాదం మీది కిలో బరువు వీపు మీది ఐదు కిలోలతో సమానమని కొండలెక్కేవారు అంటారు. శక్తి వ్యయాన్ని కొలిచిన పరిశోధనలు కూడా దాదాపు ఆ నిష్పత్తినే చూపాయి. అడుగడుగునా పాదాన్ని పైకెత్తి, ముందుకు విసిరి, మళ్లీ ఆపాలి కాబట్టి అది సహజమే. బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌లో డబ్బు పెట్టి బరువు తగ్గించుకోదగ్గ మొదటి చోటు పాదమే.

ఎక్కేటప్పుడు మడమ స్వేచ్ఛగా లేవాలి, దిగేటప్పుడు బిగుసుకోవాలి. బూటును స్కీకి బిగించే బైండింగ్ చేయాల్సిన పని ఇది. పాతవి మొత్తం ఫ్రేమును మడమతోపాటు పైకెత్తేవి, జత రెండున్నర కిలోల దాకా తూగేవి. 1980లలో ఆస్ట్రియా ఇంజనీరు ఫ్రిట్జ్ బార్తెల్ బూటు ముక్కుకు రెండు పక్కలా చిన్న గుంటలు పెట్టి, వాటిని సూదుల్లాంటి పిన్నులతో పట్టే ఏర్పాటు కనిపెట్టాడు. బరువైన సామగ్రితో మాంట్ బ్లాంక్ ఎక్కి పడిన శ్రమే ఆయన్ను ఆ ఆలోచనవైపు నడిపింది. డైనాఫిట్ సంస్థ దాన్ని తయారీకి తీసుకుంది. ఇప్పుడు పందేలకు వాడే పిన్ బైండింగ్ ఒక్కొక్కటి 150 గ్రాములలోపే ఉంటుంది, సాధారణ వాడకానికి 300 నుంచి 600 గ్రాములవి దొరుకుతాయి. అన్నీ పడినప్పుడు ఒకేలా విడుదల కావు. కొత్తగా నేర్చుకునేవారు 100 గ్రాములు మిగుల్చుకోవడం కంటే, విడుదల సరిచేసుకునే వీలున్న నమూనా తీసుకోవడం మోకాలికి క్షేమం.

స్కీల విషయంలో పాదం కింది వెడల్పును చూడాలి. గట్టి మంచు మీద, వసంతకాలంలో ఎక్కువ ఎత్తు ఎక్కేవారికి 80 నుంచి 95 మిల్లీమీటర్లు చాలు. జపాన్‌లోని హొక్కైడో, మన గుల్మర్గ్ లాంటి చోట్ల పడే లోతైన పొడి మంచుకు 100 దాటినవి హాయిగా తేలుతాయి. ఒకే జత కొనగలిగినవారికి 90 నుంచి 100 మధ్య వెడల్పు ఎక్కువ చోట్ల పనికొస్తుంది. వీపున కెమెరా, గుడారం మోసేవారు నేర్పరులే అయినా, తమ మామూలు స్కీల కన్నా కాస్త పొట్టివి ఎంచుకుంటే మలుపులు తేలికవుతాయి.

ఎక్కేటప్పుడు స్కీ అడుగున అతికించే పట్టీలను స్కిన్స్ అంటారు. ఒకప్పుడు సీల్ చర్మంతో చేసేవారు, ఇప్పుడు మొహైర్, నైలాన్ లేదా రెండూ కలిపి నేస్తారు. మొహైర్ బాగా జారుతుంది, నైలాన్ బాగా పట్టుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. స్కీ ఇనుప అంచులు రెండు పక్కలా బయటికి కనిపించేలా కత్తిరించుకోవాలి, లేకపోతే గట్టి వాలు మీద అంచు పట్టదు. విప్పిన స్కిన్స్‌ను కోటు లోపల పెట్టుకుంటే జిగురు గడ్డకట్టదు.

వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది బూట్లు. స్కీలు, బైండింగులు అద్దెకు తీసుకోవచ్చు. పాదానికి సరిపడని బూటు పొద్దున మొదటి గంటలోనే యాత్ర ముగించేస్తుంది. లోపలి మెత్తను వేడిచేసి పాదం ఆకృతికి మలిచే దుకాణాలు స్కీ ఊళ్లలో ఉంటాయి. గంటసేపు వేసుకుని నిలబడి, మోకాళ్లు వంచి చూసి కొనాలి. నడక బూట్లకూ ఇదే వర్తిస్తుంది. పాదాలు కాస్త ఉబ్బే సాయంకాలం వేళ, యాత్రలో వేసుకునే మేజోళ్లతోనే వేసి చూడటం మంచిది.

మంచు చరియలు: ఇక్కడ పొదుపు కుదరదు

చదరపు పలకలా విరిగి జారే మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద పుడతాయి. స్కీయింగ్‌కు అన్నిటికన్నా బాగుండే వాలులు కూడా అవే. అందుకే ఈ క్రీడలో ప్రమాదాన్ని పక్కన పెట్టడం సాధ్యం కాదు. 1994లో నేచర్ పత్రికలో వచ్చిన స్విస్ గణాంకాల ప్రకారం, పూర్తిగా కూరుకుపోయినవారిని 15 నిమిషాల్లో తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. 35 నిమిషాలు దాటితే ఆ సంఖ్య మూడుకు పడిపోయింది. ఆ తర్వాతి స్విస్ లెక్కలు ఆ భద్రమైన గడువు పది నిమిషాలేనని చెబుతున్నాయి. హెలికాప్టర్ అంతలో రాదు. పక్కనున్న మిత్రుల దగ్గర ఏముందో, వాళ్లకు ఏం వచ్చో అదే ప్రాణం నిలుపుతుంది.

అందుకు కావలసినవి మూడు వస్తువులు. మొదటిది ట్రాన్సీవర్. అది ఎప్పుడూ సంకేతం పంపుతూ ఉంటుంది, ప్రమాదం జరిగినప్పుడు మిగిలినవారు తమ పరికరాలను వెతుకులాటకు మార్చుకుంటారు. 1968లో అమెరికాలోని బఫెలో నగరంలో కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీలో జాన్ లాటన్ తయారుచేసిన స్కాడి దీని తొలి రూపం. అది 2.275 కిలోహెర్ట్జ్ మీద పనిచేసేది. తర్వాత 457 కిలోహెర్ట్జ్ అంతర్జాతీయ ప్రమాణమైంది, 1990ల మధ్యకల్లా అమెరికా కూడా దానికే మారింది. 1997లో డిజిటల్ పరికరాలు వచ్చాయి, ఇప్పుడు మూడు యాంటెన్నాలున్నవి మామూలయ్యాయి. చవకగా దొరికిందని ఒకటి రెండు యాంటెన్నాల పాత పరికరం కొనడం తప్పు. రెండోది ప్రోబ్, అంటే కూరుకుపోయిన మనిషిని మంచులో గుచ్చి వెతకడానికి, మడతలు విప్పితే కడ్డీగా బిగుసుకునేది. కనీసం 240 సెంటీమీటర్లుండాలి. మూడోది పార. చరియ ఆగిన మరుక్షణం మంచు కాంక్రీటులా గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పార విరిగిపోతుంది. అల్యూమినియం బ్లేడు, పొడిగించుకునే పిడి ఉన్నదే తీసుకోవాలి. మనిషిని కనిపెట్టడం కన్నా తవ్వి తీయడానికే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి పారను చిన్నచూపు చూడకూడదు.

ఛాయాగ్రాహకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్, కెమెరా, హెల్మెట్ మీది చిన్న వీడియో కెమెరా, వేడి చేతితొడుగుల బ్యాటరీ, అన్నీ ట్రాన్సీవర్ సంకేతాన్ని చెడగొట్టగలవు. సంకేతం పంపేటప్పుడు వాటిని కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉంచాలని తయారీదారులు చెబుతారు. ఛాతీ మీద కెమెరా వేలాడదీసుకునే అలవాటు ఈ నియమంతో నేరుగా ఢీకొంటుంది. ట్రాన్సీవర్‌ను ప్యాంటు జేబుకు మార్చి, కెమెరాను ఛాతీ మీదే ఉంచుకునేవారు ఎక్కువ. ఆ ప్యాంటు జేబు ట్రాన్సీవర్‌కోసమే జిప్పుతో కుట్టినదై ఉండాలి. వెతుకులాట మొదలైతే ఫోన్ ఆపేసి, కెమెరా తీసి మంచు మీద పెట్టేయాలి.

గాలితో ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ సంచులు నాలుగో రక్షణ. జర్మనీలో పీటర్ ఆషావర్ 1980లలో వీటిని మార్కెట్లోకి తెచ్చాడు. చరియ కదులుతున్నప్పుడు పెద్ద పరిమాణమున్న వస్తువు పైకి తేలుతుందన్న సూత్రం మీద ఇవి పనిచేస్తాయి. 2014లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనంలో, సంచి ఉబ్బినవారిలో మరణాలు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయి. మంచి ఫలితమే గానీ పూర్తి రక్షణ కాదు. చెట్లకు, రాళ్లకు తగిలి గాయాలతో పోయేవారిని అది కాపాడలేదు. కెనడా లెక్కల్లో అలాంటి మరణాలు సుమారు నాలుగో వంతు. రెండు మూడు కిలోల బరువు, భారీ ధర, విమానంలో గ్యాస్ సిలిండరు అనుమతి, ఇవన్నీ ఆలోచించాలి. బ్యాటరీ ఫ్యాన్‌తో ఉబ్బేవి వచ్చాక ఆ చివరి ఇబ్బంది కొంత తగ్గింది.

గుల్మర్గ్‌లో గొండోలా దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వత్ కొండ మీద దించుతుంది. అక్కడి గేటు దాటితే చాలు, నిర్వహణ లేని వాలులు మొదలవుతాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడ చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా స్కీయర్ మరణించారు. లిఫ్టు ఎక్కించింది కదా అని ఆ కొండను స్కీ కేంద్రంగా భావించడం పొరపాటు.

ఒంటి మీద ఏముండాలి

చర్మానికి తగిలే పొర చెమటను లాగేయాలి, మధ్య పొర వెచ్చదనాన్ని పట్టి ఉంచాలి, పైపొర గాలిని, తడిని ఆపాలి. ఈ మూడు పొరల పద్ధతి అందరికీ తెలిసిందే. మనవాళ్లు తప్పకుండా మార్చుకోవాల్సింది నూలు బనియన్. వేసవి ఉక్కకు అదే మంచిది, చలిలో మాత్రం చెమటను పీల్చుకుని ఆరక ఒంటిని చల్లబరుస్తుంది. మెరినో ఉన్ని లేదా పాలిస్టర్ వాడాలి. కొండెక్కేటప్పుడు కొంచెం చలిగా ఉండేలా బయలుదేరి, ఆగిన వెంటనే పైన డౌన్ కోటు వేసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. ఫొటో కోసం గంటలు నిలబడేవారికి స్కీయర్ కన్నా మందమైన కోటు కావాలి. డౌన్ తడిస్తే ముద్దయిపోతుంది. వాన పడే చోట్లకు కృత్రిమ పోగుల కోటు బరువెక్కువైనా నమ్మదగింది.

నీరు జారిపోవడానికి పైపొర మీద పూసే ఫ్లోరిన్ రసాయనాలు పర్యావరణంలో విడిపోకుండా ఉండిపోతాయి. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా కొత్త దుస్తుల్లో వాటిని చాలావరకు నిషేధించింది. స్కీ పందేల్లో ఫ్లోరిన్ మైనపును అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచే ఆపింది. కొత్త పూతలు నూనె మరకలను అంతగా తట్టుకోవు, కాబట్టి కోటును తరచూ ఉతికి వేడి తగిలించాలి.

కొత్త మంచు 80 శాతం దాకా అతినీల కిరణాలను తిప్పికొడుతుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఆ కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. పక్కలు మూసిన నల్ల కళ్లద్దాలు లేకుండా హిమనదం మీద ఒక్క మధ్యాహ్నం గడిపితే చూపు తాత్కాలికంగా పోవచ్చు. తెలుపు మీద ఎక్కువసేపు వ్యూఫైండర్‌లో చూసే ఛాయాగ్రాహకుడికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

సంచి, పడక, పొయ్యి

సంచిని లీటర్లను బట్టి కాక వెన్ను పొడవును బట్టి ఎంచుకోవాలి. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా కొలిస్తే అది తెలుస్తుంది. ఎత్తు ఒకటే అయినా ఇద్దరి వెన్ను పొడవు ఒకటి కాకపోవచ్చు. దుకాణంలో పది కిలోలు నింపి, తుంటి పట్టీ బిగించి నడిచి చూడాలి. భుజాల మీద సగం కన్నా ఎక్కువ బరువు తెలిస్తే ఆ సంచి మీది కాదు. పగటిపూట స్కీ యాత్రకు 30 నుంచి 40 లీటర్లు, గుడారంతో రెండు మూడు రాత్రులకు 50 నుంచి 65 లీటర్లు సరిపోతాయి. స్కీ సంచిలో పార, ప్రోబ్ కోసం విడిగా ఒక అర ఉండాలి. కెమెరా అందులోకి ఎన్నటికీ రాకూడదు.

స్లీపింగ్ బ్యాగుల మీద ముద్రించే ఉష్ణోగ్రతల్లో ఒకటి సౌకర్య స్థాయి, ఒకటి పరిమితి, ఇంకొకటి విపరీత స్థాయి. 2002 నాటి ఐరోపా ప్రమాణం తర్వాత ఐఎస్ఓ ప్రమాణంగా మారింది. అమ్మేవారు తరచూ పరిమితి అంకెను పెద్ద అక్షరాల్లో చూపిస్తారు. మొదటిసారి వెళ్లేవారు సౌకర్య స్థాయినే చూడాలి. విపరీత స్థాయి బతికి బయటపడటానికే, నిద్రకు కాదు. అడుగున వేసే చాప దీనికన్నా తక్కువేమీ కాదు. ఆర్-విలువ అనే అంకె అది నేల చలిని ఎంత ఆపుతుందో చెబుతుంది. మంచు మీద పడుకునేవారికి 5 లేదా అంతకన్నా ఎక్కువ కావాలి. రెండు చాపలు ఒకదానిమీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. నురుగు చాప ఒకటి, గాలి చాప ఒకటి పట్టుకెళ్తే, గాలిది చిల్లుపడినా రాత్రి గడుస్తుంది.

మంచులో వంట అంటే ముందు నీళ్లు తయారు చేసుకోవడం. కిలో మంచుగడ్డను కరిగించడానికి, అదే నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా వేడిచేసేంత వేడి కావాలి. అందుకే చలికాలపు యాత్రకు వేసవి లెక్కకు రెట్టింపు ఇంధనం పెట్టుకోవాలి. గ్యాస్ డబ్బాల్లో ఏముందో చదివి కొనాలి. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం ఆపేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. గట్టి చలికి పంపుతో నడిచే ద్రవ ఇంధనపు పొయ్యే నమ్మకమైనది. గుడారం లోపల ఏ పొయ్యి వెలిగించినా కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉంది. రాత్రి నీటి సీసాను తలకిందులుగా పెడితే గడ్డ సీసా అడుగువైపు కడుతుంది, మూత తెరుచుకుంటుంది.

గుడారాల విషయంలో ఒక్కమాట చాలు. అడవిలో మూడు కాలాల గుడారం, చెట్లు లేని మంచు ఎత్తుల్లో నాలుగు కాలాల గుడారం. సర్దుబాటు చేసుకునే స్కీ కర్రలతో నిలబెట్టే రకాలు కర్రల బరువు మిగులుస్తాయి.

కెమెరా

గేలెన్ రోవెల్ 1940లో పుట్టిన కాలిఫోర్నియా పర్వతారోహకుడు. పెద్ద ఫార్మాట్ కెమెరాలే ప్రకృతి దృశ్యాలకు తగినవని నమ్మే కాలంలో ఆయన చిన్న 35 మిల్లీమీటర్ల నికాన్ కెమెరాతో పరుగెత్తాడు, ఎక్కాడు, స్కీ చేశాడు. 1981లో లాసాలో ఇంద్రధనుస్సు కనిపించగానే, అది పోతలా ప్రాసాదం మీదికి వచ్చేలా కనిపించే చోటుకు పరుగెత్తి చిత్రం తీశాడు. పెద్ద కెమెరా మోసేవాడికి ఆ చిత్రం దొరికేది కాదు. 1986లో వచ్చిన 'మౌంటెన్ లైట్' పుస్తకంలో ఈ పని తీరును ఆయన విపులంగా రాశాడు. 2002లో కాలిఫోర్నియాలోని బిషప్ ఊరి దగ్గర విమాన ప్రమాదంలో మరణించాడు. సామగ్రి ఎంపికలో ఆయన వైఖరే ఇప్పటికీ సరైనదని నా అభిప్రాయం. చేతికి అందని కెమెరా ఎంత గొప్పదైనా ఆ క్షణానికి పనికిరాదు.

ఇప్పటి లెక్కల్లో చూస్తే, పూర్తి ఫ్రేము మిర్రర్‌లెస్ కెమెరా దాదాపు 650 గ్రాములు, దానికి 24-70 ఎఫ్/2.8 లెన్సు 700 నుంచి 900 గ్రాములు, 70-200 ఎఫ్/2.8 కిలో దాటుతుంది. అవే లెన్సులు ఎఫ్/4లో తీసుకుంటే బరువు బాగా తగ్గుతుంది. పగటి మంచు వెలుతురులో ఎఫ్/2.8 అవసరం చాలా అరుదు. ఏపీఎస్-సి లేదా మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాతో మొత్తం కిట్టు కిలోకు అటూఇటూగా ఉంటుంది. స్కీ యాత్రకు వెడల్పు నుంచి మధ్య దూరం దాకా వెళ్లే ఒకే జూమ్ లెన్సు చాలు. మంచు ఎగిరే చోట లెన్సు మార్చడం సెన్సార్‌కు మంచిది కాదు. టెలిఫొటో కావాలంటే ఆ రోజు స్కీ ఆశయాలు తగ్గించుకోవాలి.

ట్రైపాడ్ తీసుకెళ్లాలా వద్దా అన్నది చాలామందిని వేధించే ప్రశ్న. నక్షత్రాల చిత్రాలు, తెల్లవారుజాము దీర్ఘ ఎక్స్‌పోజర్లు మీ పని అయితే కిలో నుంచి కిలోన్నర తూగే కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ తీసుకోండి. లేకపోతే వదిలేయండి. కెమెరాలోని స్థిరీకరణ, సంచి మీద ఆనించిన కెమెరా, స్కీ కర్ర మీద బిగించే చిన్న తల కలిసి చాలా పని చేస్తాయి. ఆకాశం, మంచు మధ్య తేడా తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్లను రోవెల్ బాగా వాడాడు, సింగ్-రే సంస్థ ఆయన పేరుతో అమ్మింది కూడా. ఇప్పటి సెన్సార్లు ఆ తేడాను చాలావరకు పట్టుకుంటాయి కాబట్టి వాటిని ఇంట్లో ఉంచవచ్చు.

చలిలో కెమెరా కన్నా బ్యాటరీ ముందు ఓడిపోతుంది. లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య చలికి మందగించి, నిండుగా ఉన్నది కూడా ఖాళీ అయినట్టు చూపుతుంది. రెండు మూడు అదనపు బ్యాటరీలు ఒంటికి ఆనే జేబులో పెట్టుకుని మార్చుకుంటూ ఉంటే, చల్లబడినవి వెచ్చబడి మళ్లీ పనిచేస్తాయి. రాత్రి వాటిని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి. చల్లటి కెమెరాను వెచ్చని గుడారంలోకి, గదిలోకి నేరుగా తేకూడదు. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో బయటే మూసి తెచ్చి, గంటసేపు అలాగే ఉంచితే తేమ సంచి మీద చేరుతుంది, లెన్సు మీద కాదు.

కెమెరా మీటరు ప్రపంచాన్ని బూడిద రంగుగా ఊహించుకుంటుంది. తెల్లని మంచు కూడా బూడిదగా వస్తుంది. ఒకటి నుంచి రెండు స్టాపులు ఎక్స్‌పోజర్ పెంచి, హిస్టోగ్రామ్ కుడి అంచు తగలకుండా చూసుకోవాలి. బటన్లు నొక్కడానికి మందపాటి చేతితొడుగు కింద పల్చటి తొడుగు ఉండాలి. మైనస్ 15 డిగ్రీల గాలిలో ఉత్త చేయి ఒక చిత్రానికి మించి పనిచేయదు.

మన యాత్రికుల సంగతి

నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆమె, ఆమెతోపాటు ఎక్కిన ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్ దాకా దశలవారీగా శిక్షణ పొందారు. ఆ యాత్రకు సామగ్రి కన్నా శిక్షణే పునాది. కొండలకు వెళ్లే తెలుగు యువత ఆ సంగతిని కాస్త మరిచిపోతోంది.

మైదానాల నుంచి వెళ్లేవారికి అన్నీ కొనడం అనవసరం. మనాలిలో కోట్లు, బూట్లు, గుల్మర్గ్‌లో స్కీలు అద్దెకు దొరుకుతాయి. ట్రాన్సీవర్ కూడా అద్దెకు ఇస్తారు, తీసుకున్న వెంటనే బ్యాటరీ, పంపే, వెతికే పద్ధతులు రెండూ పరీక్షించాలి. గ్యాస్ డబ్బాలను విమానంలో అనుమతించరు, చేరాకే కొనాలి. అదనపు లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

విదేశాల నుంచి వచ్చే తెలుగువారు అమెరికాలో వాడే ఉపగ్రహ సందేశ పరికరాన్ని అలవాటుగా వెంట తెస్తుంటారు. భారతదేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి సంభాషణ పరికరాలు కలిగి ఉండటం నేరం. ఇటీవలి సంవత్సరాల్లో విమానాశ్రయాల్లో విదేశీ యాత్రికులను ఇందుకు నిర్బంధించారు. అనుమతి లేకపోతే ఇంట్లోనే వదిలి రావాలి. అటు అమెరికాలో యోసెమిటీ లాంటి చోట్ల ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండి పెట్టుకోవడం తప్పనిసరి, సుమారు కిలో బరువు దానికి కేటాయించాలి. అక్కడి జాతీయ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్లు నిషిద్ధం. ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్ అనే ఎత్తైన పచ్చికబయళ్లలో రాత్రి బస చేయడాన్ని 2018లో హైకోర్టు నిషేధించింది. గుడారం వేసే చోటును బట్టి యాత్ర పథకం మార్చుకోవాలి.

ఏ క్రమంలో కొనాలి అంటే, ముందు పాదానికి సరిపడే బూట్లు. తర్వాత ట్రాన్సీవర్, ప్రోబ్, పార, వాటిని వాడటం నేర్పే తరగతి. ఆ తర్వాత ఒంటికి తగిన పొరలు, సంచి, చాప, స్లీపింగ్ బ్యాగు. స్కీలు కొన్నాళ్లు అద్దెకు. కెమెరా ఇప్పటికే ఇంట్లో ఉన్నది చాలు. డార్జిలింగ్‌లో 1954 నుంచి, ఉత్తరకాశీలో 1965 నుంచి జాతీయ స్థాయి పర్వతారోహణ సంస్థలు పనిచేస్తున్నాయి. మనాలిలో, గుల్మర్గ్‌లో స్కీయింగ్ తరగతులూ ఉన్నాయి. అన్ని రాష్ట్రాలవారికీ వాటిలో ప్రవేశం ఉంది. కొత్త లెన్సు కోసం దాచిన డబ్బు మీ దగ్గరుంటే, ఈ ఏడాది దాన్ని ఆ తరగతికి కట్టండి.